పుస్తకము దాటిన మాలపల్లి

కొన్ని పుస్తకములకు చదివినవారికంటె విన్నవారే ఎక్కువ. ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి" అట్టి పుస్తకము. మా నర్సీపట్నములో ఏ ఇంటి అరుగుమీద కూర్చుండి అడిగినను, ఆ పేరు ఎరుగనివారు అరుదు. మొదటి పుటనుండి తుదివరకు చదివినవారు మరింత అరుదు. అయినను ఆ నవలలోని బాధయు, కోపమును ఏదో ఒక దారిని ప్రతివారికిని చేరియే ఉన్నవి. కొందరికి వెండితెర మీదుగా చేరినవి. కొందరికి నాటకములో పాడిన పద్యముగా చేరినవి. కొందరికి సాయంకాలము రేడియో పెట్టెనుండి చేరినవి. ఆ దారులు ఎట్టివి, ఒక వాహనమునుండి మరియొక వాహనమునకు మారునప్పుడు కథలో ఏది నిలిచినది, ఏది జారిపడినది అను విషయమును ఈ ప్రసంగములో విచారింతము.

ఇది మనకు మాత్రమే కలిగిన అనుభవము కాదు. అమెరికాలో హేరియట్ బీచర్ స్టో అను ఆమె నీగ్రో బానిసల దుఃఖమును గూర్చి "అంకుల్ టామ్స్ కేబిన్" అను నవలను మొదట పత్రికలో ధారావాహికగా వ్రాసి 1852లో పుస్తకముగా వెలువరించినది. పుస్తకమును చదివినవారు లక్షలు; దానిని నాటకముగా చూచినవారు అంతకు ఎన్నో రెట్లు. అయితే ఆ నాటకములలో నీగ్రో పాత్రలను ముఖమునకు మసి పూసికొన్న తెల్లవారే ధరించినారు. 1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన మూగచిత్రములోను అంతే. నవలలో చావునకైనను సిద్ధపడి ఎదుటివానికి ద్రోహము చేయనని నిలిచిన టాము, రంగస్థలముపై క్రమముగా యజమాని ఎదుట తల వంచు ముసలివాడై, చివరకు ఆ పేరే ఒక నిందావాచకమైనది. ఆ దేశములో బానిసత్వము రద్దయినందులకు సంతసించి మన మహారాష్ట్రమున జోతిరావు ఫూలే 1873లో తన "గులాంగిరి"ని అమెరికా ప్రజలకు అంకితము చేసినాడు. వర్ణభేదమును, కులభేదమును ఒకే కంటితో చూచిన తొలి భారతీయులలో ఆయన ఒకడు. కనుక ఈ పోలిక మేము ఇప్పుడు కల్పించినది కాదు.

ఇక మన నవల మాట. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో గుంటూరు జిల్లా సత్తెనపల్లి తాలూకా వేములూరిపాడులో జన్మించినారు. డబ్లిన్ నగరమునకు పోయి బారిస్టరు చదివినారు. గుంటూరులో వితంతు వివాహములు జరిపించినారు. ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారితో కలిసి 1922లో శారదా నికేతనమును నెలకొల్పి బాలికల విద్యకు జీవితము ధారపోసినారు. 1921లో పల్నాటి అటవీ సత్యాగ్రహములో జైలు పాలయినారు. రాయవేలూరు చెరసాలలో ఉన్నప్పుడు వ్రాసినదే "మాలపల్లి". దీనికే "సంగ విజయము" అను మరియొక పేరు కలదు. 1922లో అచ్చయినది.

కథాస్థలము మంగళాపురము. మాలపల్లెలో రామదాసు భక్తుడు, తత్త్వమెరిగినవాడు. అతని కుమారుడు సంగదాసు ఊరిలోని మోతుబరి చౌదరయ్య ఇంట పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు సంగదాసునకు ప్రాణస్నేహితుడు. ఈ స్నేహము చౌదరయ్యకు కంటగింపు. అంతకంటె కంటగింపు కూలి తగవు. పొలములో పనిచేయువారు తమకు రావలసినది ఇంత అని నోరు తెరచి అడుగుట నేర్చినారు. ఆ కోపములో చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు మరణించును. అతని అన్న వెంకటదాసు "తక్కెళ్ళ జగ్గడు" అను పేరుతో అడవి పట్టి, కలవారిని దోచి లేనివారికి పంచును. నిరపరాధులైన ఆ కుటుంబమువారు నేరస్థుల సెటిల్‌మెంటు పాలగుదురు. ఇంత కథను ఉన్నవవారు గుంటూరు సీమ పల్లెలలో జనము మాటలాడు భాషలో వ్రాసినారు. గ్రాంథికమే భాష అని పండితులు పట్టుబట్టిన రోజులలో, పాలేరు నోట పాలేరు మాటయే పలికించుట సామాన్య సాహసము కాదు. (ఈ ప్రసంగము నడచుచున్న భాషను విన్న శ్రోతలు మమ్ము చూచి నవ్వుకొనిన, దానికి మా అభ్యంతరము లేదు.)

నాటి చెన్నపురి ప్రభుత్వము ఈ పుస్తకమును చూచి బెదరినది. ఇందులో బోల్షివిక్ వాసన ఉన్నదని తలచి నిషేధించినది. శాసనమండలిలో ప్రశ్నలు పుట్టిన మీదట, కొన్ని మార్పులతో 1928లో ప్రచురణకు అనుమతి లభించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము దీనిని పాఠ్యగ్రంథముగా పెట్టగా 1936లో ప్రభుత్వము మరల అడ్డు తగిలినది. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చిన పిదప కాని ఆ చెర తొలగలేదు. జైలులో పుట్టిన పుస్తకము పదునైదేండ్లలో రెండుమార్లు తానే నిర్బంధము పాలయినదన్నమాట.

పాలేర్ల కూలి గూర్చిన ఒక కథకు ప్రభుత్వము ఇంతగా ఏల జంకవలెను? ఈ ప్రశ్నకు సమాధానము గుంటూరులో వెదకుటకంటె మా నర్సీపట్నములో వెదకిన త్వరగా దొరకును. నవల అచ్చయిన 1922వ సంవత్సరముననే మా మన్యములో పితూరీ లేచినది. ఆనాడు గూడెము డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ అనునతడు. నర్సీపట్నమునుండి లంబసింగి వరకు కొండలను తొలిచి బాట వేయు పని జరుగుచుండెను. ఆ పనికి కొండవారిని పట్టి తెచ్చి, బండ మోయించి, చెట్లు కొట్టించి, ఇయ్యవలసిన కూలి ఇయ్యక బాధించినారు. అడిగినవారికి కొరడా దెబ్బలు. 1882 నాటి అటవీ చట్టము అంతకు ముందే పోడు వ్యవసాయమును నేరము చేసినది. పూర్వము ముఠాదారులుగా మన్నన పొందినవారు చిన్న ఉద్యోగి ఎదుట చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చినది. గాము గంటము దొర, మల్లు దొర సోదరులు అల్లూరి సీతారామరాజును ఆశ్రయించుటకు వెనుక ఈ బాట కథ ఉన్నది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులు వరుసగా రాజు దళమునకు చిక్కినవి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటరు అను ఇద్దరు తెల్ల అధికారులు కూలినారు. వారి సమాధులు నర్సీపట్నములోనే ఉన్నవి. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజును చెట్టుకు కట్టి కాల్చి చంపినారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మా మన్యములో "దొర" అను శబ్దము కొండ పెద్దల పేర్ల చివర ఉండును. గంటము దొర, మల్లు దొర అని. తెల్లవానిని కూడ జనము "దొర" అనియే పిలిచినారు. ఒకే శబ్దము ఇరువురిపై నిలిచినప్పుడు అది ఎవరి సొత్తు అను తగవు ఊరక ఉండదు. గుంటూరు జైలుపక్షికి మన్యపు సంగతి ఆ నవల వ్రాయునప్పుడు తెలిసి ఉండుటకు వీలు లేదు. పితూరీ అప్పటికి లేవనే లేదు. కాని ఆయన కల్పించిన తక్కెళ్ళ జగ్గడు పుస్తకములో అడవి పట్టిన సంవత్సరమే నిజముగా అడవి పట్టినవారు నర్సీపట్నము తాలూకాలో కనిపించినారు. రెంటికిని మొదలు ఒక్కటే: ఇయ్యని కూలి. ప్రభుత్వమునకు నవల కేవలము నవలగా కనిపించక పోవుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇట్టి కథకు మొదటి పెద్ద వాహనము సినిమా. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి ఫిలిమ్స్ పక్షమున "మాలపిల్ల"ను తీసినారు. పేర్ల పోలికను బట్టి, నవలయే సినిమాగా వచ్చినదని అనుకొనువారు నేటికిని ఉన్నారు. అది నిజము కాదు. సినిమా కథ గుడిపాటి వెంకటచలముగారిది. మాటలు తాపీ ధర్మారావుగారివి. పాటలలో కొన్ని బసవరాజు అప్పారావుగారివి. సంగీతము భీమవరపు నరసింహారావుగారిది. పెట్టుబడి చల్లపల్లి జమీందారుగారిది. కాంచనమాల మాలపిల్ల సంపాలత పాత్రను, గోవిందరాజుల సుబ్బారావు ఆలయ ధర్మకర్త సుందరరామశాస్త్రి పాత్రను ధరించినారు. శాస్త్రి కుమారుడు నాగరాజు సంపాలతను ప్రేమించి కలకత్తాకు తీసికొని పోవును. ఊరిలో హరిజనులకు గుడి, చెరువు నిషిద్ధము. చివరకు శాస్త్రి ఇంటికి నిప్పంటుకొనినప్పుడు, ఆయన భార్యను మంటలనుండి ఒక హరిజన యువకుడు రక్షించును. శాస్త్రి మనసు మారును. గుడి తలుపులు తెరచుకొనును.

ఈ చిత్రము నాటికి దేశములో గాలి మారినది. 1933 చివరను గాంధీగారు హరిజన యాత్రలో ఆంధ్రదేశము తిరిగినారు. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేసినారు. "మాలపిల్ల" ఆ గాలిని పట్టుకొన్నది. వ్యావహారిక భాషలో మాటలు వ్రాయుట తెలుగు తెరకు ఇదియే మొదలని చెప్పుదురు. పౌరాణికములకు అలవాటుపడిన ప్రేక్షకుడు, తన ఊరి వీథిని, తన ఊరి తగవును తెరపై చూచినాడు. పుస్తకము తెరచుటకు అక్షరము కావలెను. సినిమా చూచుటకు అణా డబ్బులు చాలును. నేల తరగతిలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చున్నారో చీకటిలో తెలియదు. గుడిలోనికి రానీయనివానిని టూరింగు టాకీసు రానిచ్చినది. ఇది చిన్న విషయము కాదు.

అయినను లెక్క చూడవలెను. నవలలో కూలి తగవు నడుమ ఉన్నది. సినిమాలో ప్రేమయు, గుడియు నడుమకు వచ్చినవి. నవలలో చౌదరయ్య మనసు కరగినంత మాత్రమున సంగదాసు బ్రదికి రాడు. సినిమాలో శాస్త్రి మనసు కరగుటతో కథ ముగియును. పొలములో గింజ ఎవరిది అను ప్రశ్న తెరమీద మాయమైనది. "టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్" అను అమెరికా నవల విషయములోను ఇట్టిదే జరిగినది. హార్పర్ లీ 1960లో వ్రాసిన ఆ పుస్తకములో, చేయని నేరమునకు ఒక నీగ్రో యువకుని శిక్షింతురు. 1962లో అది సినిమా అయినది. గ్రెగరీ పెక్‌నకు ఉత్తమ నటుడుగా ఆస్కారు బహుమానము లభించినది. కాని నవలలో ఇంటి పనిమనిషి కల్పూర్నియా పిల్లలను తన వారి చర్చికి తీసికొని పోవు ఘట్టము, నల్లవారు తమలో తాము ఎట్లు మాటలాడుకొందురో, తమ మనిషి కుటుంబము కొరకు చందా ఎట్లు పోగు చేయుదురో చూపు ఘట్టము, సినిమాలో లేదు. మిగిలినది వకీలు ఔదార్యము. మన చిత్రములోను మిగిలినది శాస్త్రి పశ్చాత్తాపము. సినిమాకు నాయకుడు కావలెను. ఆ నాయకుడు తరచు అన్యాయమునకు గురియైనవాడు కాక, అన్యాయము చూచి చలించినవాడగును.

రామబ్రహ్మముగారికి ఈ లోపము తెలియదని అనలేము. మరుసటి యేడు, 1939లో, ఆయన "రైతుబిడ్డ" తీసినారు. అందులో జమీందారీ పీడన, పన్నుల బాధ, రైతు సంఘము సూటిగా వచ్చినవి. వెంటనే జమీందారులు ఆగ్రహించినారు. కొన్ని చోట్ల ప్రదర్శన నిలిచిపోయినది. గుడి తెరచుకొనిన సినిమాను సహించినవారు, భూమి మాట ఎత్తిన సినిమాను సహింపలేదు. ఈ రెండు చిత్రముల గతిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, "మాలపల్లి"కి నిషేధము ఏల కలిగినదో మరల బోధపడును.

ఇంతవరకు చెప్పినవారందరు పల్లె వెలుపలినుండి పల్లెను చూచినవారు. ఉన్నవవారు కాని, చలముగారు కాని, రామబ్రహ్మముగారు కాని ఆ పల్లెలో పుట్టినవారు కారు. వారి సానుభూతి నిజమైనదే. కాని సానుభూతి వేరు, అనుభవము వేరు. అనుభవము గుఱ్ఱము జాషువాగారిది. ఆయన 1895లో వినుకొండలో పుట్టినారు. జీవిక కొరకు యౌవనములో రాజమహేంద్రవరమున మూగచిత్రములకు వాచకుడుగా పనిచేసినారు. తెరమీద బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నిలిచి కథ చెప్పుట, పాత్రల మాటలు పలుకుట ఆ ఉద్యోగము. మాట రాని చిత్రమునకు మాట ఇచ్చినవాడు, మాట నోట నొక్కివేయబడిన జనమునకు 1941లో "గబ్బిలము" కావ్యముతో మాట ఇచ్చినాడు. కాళిదాసు యక్షుడు మేఘముతో సందేశము పంపినాడు. జాషువాగారి నాయకునికి అంత భాగ్యము లేదు. గుడిలో తాను అడుగు పెట్టరాదు, గబ్బిలము పెట్టవచ్చును. కనుక గబ్బిలముతోనే కాశీలోని శివునికి తన గోడు చెప్పుకొన్నాడు. ఈ ఒక్క కల్పనలో ఉన్న వాడి పెద్ద పెద్ద ఉపన్యాసములలో కానరాదు.

జాషువాగారి పద్యము నాటకములోనికి పోయిన తీరు మరియొక విచిత్రము. ఆయన శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములను నటులు హరిశ్చంద్ర నాటకములో కాటిసీనున పాడుట మొదలు పెట్టినారు. మా ప్రాంతపు తీర్థములలో, సంబరములలో తెల్లవార్లు హరిశ్చంద్ర ఆడించుట వాడుక. హార్మోనియము శ్రుతి పెరుగును. నటుడు రాగము తీయును. జనము "వన్స్ మోర్" అని కేకలు వేయుదురు. ఆ పద్యములు వ్రాసినది ఎవరని అడిగినవారు తక్కువ. సహపంక్తిలో కూర్చుండనీయని కవి, ఊరి నడుమ పందిటిలో రాత్రంతయు పాడబడినాడు. ఈ పద్యమునకు ప్రవేశము దొరకినట్లు కవికి ఎన్ని ఇండ్లలో దొరకినది?

ఆకాశవాణి చరిత్ర ఈ కథతో ఒక చిత్రమైన తీరున పెనవేసికొన్నది. చెన్నపురి రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. "మాలపిల్ల" వచ్చినదియు ఆ సంవత్సరమే. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న, మా విశాఖపట్టణపు కేంద్రము 1963 ఆగస్టు 4న వచ్చినవి. జాషువాగారు 1957నుండి 1959 వరకు చెన్నపురి కేంద్రమున తెలుగు కార్యక్రమముల నిర్మాతగా ఉన్నారు. మూగబొమ్మల ప్రక్కన నిలిచి గొంతు అరువిచ్చిన మనిషి, నలువది యేండ్ల తరువాత బొమ్మ లేని పెట్టెలోనుండి గొంతులను ఇండ్లకు పంపినాడు.

గాలికి మైల లేదు. శబ్దము గడప అడుగదు. కాని రేడియో పెట్టెకు ఒక చోటు కావలెను. చాల ఊళ్ళలో పంచాయితీ రేడియోను ఊరి నడుమ, పెద్ద వీథిలో నిలిపినారు; పల్లె పొలముల ఆవల ఉన్నది. లౌడు స్పీకరు పుణ్యమా అని సాయంకాలము శబ్దము పల్లెవరకు పోయెడిది. వినుటకు అడ్డులేదు, అచ్చట కూర్చుండి వినుటకు అడ్డు ఉన్నది. తరువాత చేతిలో పట్టు ట్రాన్‌సిస్టరు వచ్చి, ఎవరి పాక ముందు వారు వినుట మొదలైన పిదప కాని ఈ భేదము సడలలేదు. సంఘ సంస్కర్తలు సాధింపలేని పనిని కొంతవరకు బాటరీలు సాధించినవని మేమన్నచో అతిశయోక్తి కాదు.

"మాలపల్లి" నవలగానే రంగస్థలమునకు వచ్చుటకు మరికొంత కాలము పట్టినది. నగ్నమునిగారు దానిని నాటకముగా మలచగా, ఎ.ఆర్. కృష్ణగారు ప్రేక్షకులను నడుమ కూర్చుండబెట్టి వారి చుట్టును పలు వేదికలపై కథ నడుపు పద్ధతిలో ప్రదర్శించినారు. ఒక ప్రక్క పల్లె, ఒక ప్రక్క చౌదరయ్య లోగిలి ఉండగా ప్రేక్షకుడు నడుమ చిక్కుకొనును. తల ఏ దిక్కునకు త్రిప్పవలెనో తానే నిర్ణయించుకొనవలెను. సినిమా తెర చేయలేని పని ఇది.

మన్యపు కథ 1974లో "అల్లూరి సీతారామరాజు" చిత్రముగా వచ్చినది. కృష్ణ నాయకుడు, వి. రామచంద్రరావు దర్శకుడు; చిత్రీకరణ నడుమనే ఆయన మరణించినారు. రచన త్రిపురనేని మహారథిది. శ్రీశ్రీ వ్రాసిన పాటకు జాతీయ బహుమానము లభించినది. చింతపల్లి అడవులలో చాల భాగము తీసినారు. మైదానమునుండి చింతపల్లికి పోవు దారి నర్సీపట్నము మీదుగా, లంబసింగి కనుమ మీదుగా పోవును. కొండవారి చేత బాస్టియన్ వేయించిన బాట మొదట ఆ దిక్కుననే సాగినది. 2022లో మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, నర్సీపట్నము అనకాపల్లి జిల్లాలోను చేరినవి. శీతకాలమున లంబసింగి మంచు చూచుటకు వచ్చు కార్లు నేడు ఆ కనుమను తెల్లవారు జామునుండి ఎక్కుచున్నవి.